దిగిన చోటు పేరు మజిలీ

సంచి భుజాన వేసుకుని దూరదేశాలు తిరుగుతూ, దారిలో ఏ బడిలోనో పొలంలోనో కొన్నాళ్లు సేవ చేసేవారు తమ ప్రయాణాన్ని ‘ట్రిప్’ అంటున్నారు. అంతకంటే సరైన మాట మనకుంది: మజిలీ. అరబ్బీలో ‘నజల’ అంటే దిగడం, దిగే చోటు ‘మంజిల్’. పారశీ, ఉర్దూల మీదుగా వచ్చి అది మజిలీ అయింది. ఉర్దూలో గమ్యం అనే అర్థం బలపడితే, తెలుగు మాత్రం నడుమ ఆగే చోటును పట్టుకుంది. ఈ తేడా నాకెంతో విలువైనదిగా తోస్తుంది. 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, పదిహేను నెలలు దాటిన తన యాత్రను మజిలీ వెంట మజిలీగానే రాసుకున్నారు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’లో కాశీకి నడిచే గోపడికి వింత కనబడేది ఆగిన ఊళ్లోనే, తోడున్న మణిసిద్ధుడు కథ చెప్పేదీ అక్కడే. దారి తప్పడం, జ్వరాన పడడం, భాష రాక సైగలతో అన్నం అడగడం, ముక్కూముఖం తెలియనివాళ్లు ఆదుకోవడం, ఇవన్నీ దిగినవాడికే ఎదురవుతాయి.

మజిలీ అంటే ఒక్క రాత్రి విడిదే కదా, నెలల తరబడి చేసే సేవకు ఎలా సరిపోతుందని అడగవచ్చు. నిజమే, ఒకనాటి నడక దూరాన్ని కూడా మజిలీ అనేవారు. కానీ ఆ మాట అక్కడే బిగుసుకుపోలేదు. 2019లో ఒక తెలుగు సినిమాకు అదే పేరు పెడితే, జీవితంలో ఒక దశ అన్న అర్థం ప్రేక్షకులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. ఒక రాత్రికీ ఒక దశకూ చాలిన మాటలో, పరాయి ఊళ్లో గడిపిన మూడు నెలలు సులువుగా ఇముడుతాయి.