బాంగ్లా రాక్ సంగీతం

పశ్చిమ బెంగాల్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ 1970ల నుంచి గిటార్, డ్రమ్స్ వంటి పాశ్చాత్య వాద్యాలతో బృందాలు స్వయంగా కట్టి పాడుతూ వచ్చిన బెంగాలీ పాటలను బాంగ్లా రాక్ అంటారు. సినిమా అవసరంతో నిమిత్తం లేకుండా పుట్టడం, రచన, బాణీ, గానం, వాద్యం నాలుగూ ఒకే బృందం చేతిలో ఉండడం దీని ముఖ్య లక్షణాలు. అక్కడి వాడుకలో ఆ బృందం పేరు బ్యాండ్. తెలుగువారికి ఇది మరీ దూరపు సంగీతమేమీ కాదు: పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో వారు తరతరాలుగా స్థిరపడ్డారు. ఈ సంగీతానికి ముఖ్య కేంద్రమైన కోల్‌కతా అక్కడికి సుమారు 115 కిలోమీటర్ల దూరమే. ఖరగ్‌పూర్ ఐఐటీ విద్యార్థులు ఏటా జరిపే స్ప్రింగ్ ఫెస్ట్‌లో రాక్ బృందాల పోటీ కూడా ఒక భాగం.

ఈ చరిత్రను బ్యాండ్ల జాబితాగా చెబితే సగమే తెలుస్తుంది. మిగతా సగం మనుషుల మధ్య ఉన్న చుట్టరికాల్లో, స్నేహాల్లో, గురుశిష్య బంధాల్లో ఉంది. తొలి బెంగాలీ రాక్ బృందంగా పేరొందిన మొహీనేర్ ఘొరాగులి ఇందుకు మంచి ఉదాహరణ. మొహీన్ గుర్రాలు అని అర్థమిచ్చే ఈ పేరును కవి జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్నారు. కోల్‌కతాలోని పార్క్ స్ట్రీట్ ప్రాంతంలో ఆంగ్లో ఇండియన్ వాద్యకారుల మధ్య గిటార్ వాయించి, నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లి, జైలు అనుభవించి వచ్చిన గౌతమ్ ఛటోపాధ్యాయ్ 1970ల మధ్యలో దీన్ని కూర్చాడు. అతని తమ్ముళ్లు ప్రదీప్, విశ్వనాథ్, వరసకు సోదరుడైన రంజన్ ఘోషాల్, మిత్రులు తాపస్ దాస్, తపేశ్ బంద్యోపాధ్యాయ్, వయొలిన్ విద్వాంసుడు అబ్రహాం మజుందార్ కలిసి ఒక ఉమ్మడి కుటుంబంలా పాటలు అల్లారు. మన తత్వాలు పాడే బైరాగుల వలె ఏకతారతో ఊరూరా తిరిగే బావుల్ గాయకుల బాణీ, జాజ్ లయ, నగరపు దిగులు వీరి పాటల్లో ఒకచోట చేరాయి. 1977, 1979 మధ్య మూడు గ్రామఫోన్ రికార్డులు వెలువడినా ఆదరణ అంతగా దక్కక, 1980ల ఆరంభంలో బృందం చెదిరిపోయింది.

ఆ పాటలకు రెండో జన్మ ఎత్తించినవారు తరువాతి తరం వాళ్లే. 1995లో గౌతమ్ సంపాదకుడిగా ఉండి, పాత పాటలను, కొత్తవాటిని యువ గాయకుల చేత, బృందాల చేత పాడించి ‘ఆబార్ బొఛొర్ కురి పొరే’ అనే సంకలనం తెచ్చాడు. సొంత బృందం పేరును ఇతరుల గొంతులకు అప్పగించిన ఈ పద్ధతి బాంగ్లా రాక్‌లో అన్నిటికన్నా ఉదారమైన పని అనదగినది. గౌతమ్ 1999లో మరణించగా, అతని కుమారుడు గౌరవ్ లొఖ్ఖీఛాడా బృందంలో డ్రమ్స్ వాద్యకారుడిగా స్థిరపడ్డాడు. 1992లో ఏర్పడిన క్యాక్టస్, 1998లో రూపం ఇస్లాం నాయకత్వాన వచ్చిన ఫాసిల్స్ ఈ సంగీతాన్ని పెద్ద మైదానాలకు చేర్చాయి.

కోల్‌కతాలోనే ఇంగ్లీషులో పాడే రాక్ శాఖ ఒకటి సమాంతరంగా సాగింది. గ్రేట్ బేర్ బృందపు దిలీప్ బాలకృష్ణన్ 1970లలో హై అనే బృందం కట్టగా, అందులో డ్రమ్స్ నందన్ బాగ్చీవి, బేస్ గిటార్ లూ హిల్ట్‌ది. గిటార్ విద్వాంసుడు అమిత్ దత్తా శివ బృందం తరువాత గాయని జయశ్రీ సింగ్, బేస్ వాద్యకారుడు జ్ఞాన్ సింగ్‌లతో స్కిన్నీ అల్లీలో చేరాడు. వాయించగలవారు కొద్దిమందే అయిన ఊళ్లో ఒక బృందం విడిపోతే, అదే మనుషులు ఇంకో పేరుతో మళ్లీ కలుస్తారు.

చిన్న దేశమైన బంగ్లాదేశ్‌లో ఈ అల్లిక మరింత గాఢం. చిట్టగాంగ్ నగరపు సోల్స్ బృందంలో దాదాపు పదేళ్లు గిటార్ వాయించిన అయూబ్ బచ్చూ 1991లో ఎల్‌ఆర్‌బీ స్థాపించాడు. అదే నగరంలో పుట్టిన ఫీలింగ్స్ బృందం గాయకుడు జేమ్స్ నాయకత్వంలో నగర్ బావుల్‌గా పేరు మార్చుకుంది. వార్‌ఫేజ్ బృందంలో బేస్ గిటార్ వాయించిన సుమన్ అర్థహీన్ అనే బృందాన్ని నెలకొల్పాడు. రెండు బెంగాల్‌ల పాయలు 2006లో ఒక హిందీ సినిమాలో కలిశాయి: గౌతమ్ బృందపు ‘పృథిబి’ పాట బాణీని సంగీత దర్శకుడు ప్రీతమ్ ‘గ్యాంగ్‌స్టర్’ చిత్రానికి వాడుకోగా, దాన్ని పాడింది ఢాకా నుంచి వచ్చిన జేమ్స్.