పెద్దల్లో పీయూష గ్రంథి వద్ద వచ్చే రాబ్డాయిడ్ కణితి

ఎటిపికల్ టెరటాయిడ్ రాబ్డాయిడ్ ట్యూమర్, క్లుప్తంగా ఏటీఆర్‌టీ, ప్రధానంగా మూడేళ్ల లోపు పిల్లల మెదడులో వచ్చే క్యాన్సర్. లూసీ రోర్కే బృందం 1996లో దీన్ని వివరంగా వర్ణించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో ఇది అత్యంత ఉధృతమైన నాలుగో గ్రేడులో ఉంది. పెద్దల్లో బహు అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచు కపాలం అడుగున పీయూష గ్రంథి కూర్చునే సెల్లా అనే ఎముక గుంటలోనో, దాని పైభాగానో కనిపిస్తుంది. ఆ చోట వచ్చిన రోగుల్లో దాదాపు అందరూ స్త్రీలే, అందులోనూ ఎక్కువమంది నడివయసువారు.

ఈ వ్యాధిలో మొదటి చిక్కు చికిత్స కాదు, గుర్తుపట్టడం. కపాలంలో పుట్టే కణితుల్లో సుమారు 10 నుంచి 15 శాతం పీయూష గ్రంథి అడినోమాలే కాబట్టి ఎమ్మారైలో సెల్లాలో గడ్డ కనబడితే వైద్యుడు ముందు అడినోమా అనే అనుకుంటాడు. అందులో తప్పు లేదు. కానీ అడినోమా నడక వేరు. అది ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి, పైనున్న దృష్టి నాడుల కూడలిని నొక్కి, పక్క చూపును తగ్గిస్తుంది. లోపల రక్తస్రావమైతే తప్ప కనుగుడ్డు కదలికలను దెబ్బతీయడం అరుదు. ఏటీఆర్‌టీ వారాల్లో, నెలల్లో ముదురుతుంది. పక్కనే ఉన్న కావెర్నస్ సైనస్ అనే సిరల కుహరంలోకి చొరబడి, కంటిని కదిపే అక్కడి నాడులను పట్టుకుంటుంది. అందుకే తీవ్రమైన తలనొప్పితో పాటు ఒక వస్తువు రెండుగా కనబడటం, కనురెప్ప వాలిపోవడం తొలినాళ్లలోనే మొదలవుతాయి. ఈ లక్షణాలు కలిసి వచ్చినప్పుడు ముక్కు గుండా ఆపరేషన్ చేసి తీసిన కణజాలంలో ఐఎన్ఐ1 అనే ప్రొటీన్ ఉందో లేదో చూసే పరీక్ష తప్పక చేయాలి.

మామూలు రంగులతో స్లైడు చూసి తేల్చడం కష్టం. పేరులో ఉన్న రాబ్డాయిడ్ కణాలు పెద్దల కణితుల్లో చాలా తక్కువగా ఉండవచ్చు. 22వ క్రోమోజోము మీది ఎస్‌ఎమ్‌ఏఆర్‌సీబీ1 జన్యువు దెబ్బతినడం వల్ల ఐఎన్ఐ1 ప్రొటీన్ మాయమవడమే అసలు ఆనవాలు. పరీక్షలో ఆరోగ్యకరమైన కణాల కేంద్రకాలు గోధుమ రంగు తేలుతాయి. అదే స్లైడులోని రక్తనాళాల గోడ కణాలు గోధుమ రంగులో ఉండి, వాటి చుట్టూ కణితి కేంద్రకాలు లేత నీలంగా మిగిలిపోతే ప్రొటీన్ పోయిందని అర్థం. రక్తనాళాలకు కూడా రంగు పట్టలేదా, అప్పుడు తప్పు పరీక్షదే. మళ్లీ చేయాలి.

ఇంత అరుదైన జబ్బు కోసం ప్రతి అడినోమాకూ ఈ పరీక్ష ఎందుకని అడగవచ్చు. ప్రతిదానికీ అక్కర్లేదు. పెరుగుదల వేగం, నాడుల బలహీనత, కణజాలంలో విభజన చెందుతున్న కణాల సంఖ్య అనుమానం రేపిన చోట చాలు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: ఐఎన్ఐ1 లోపం ఏటీఆర్‌టీకే పరిమితం కాదు. సెల్లా వెనుక ఎముకలో పుట్టే ఒక రకం కార్డోమాలోనూ ఆ ప్రొటీన్ ఉండదు. నిజమే. అయితే కార్డోమాలో బ్రాకియురీ అనే ప్రొటీన్ ఉంటుంది కనుక ఆ రెండో పరీక్ష రెంటినీ విడదీస్తుంది. ఒక పరీక్ష ఫలితంతోనే జబ్బు పేరు రాసేయకూడదని ఈ అభ్యంతరం చెబుతుందే తప్ప పరీక్షే వద్దని కాదు.

పెద్దలకంటూ స్థిరపడిన చికిత్సే లేనప్పుడు పేరు తెలిసి లాభమేమిటన్నది మరో వాదన. పిల్లల చికిత్సా విధానాలనే పెద్దలకు మార్చి వాడుతున్న మాట వాస్తవం. చాలామంది త్వరగానే మరణించారన్నదీ వాస్తవం. అయినా ఆపరేషన్‌కు రేడియేషన్, కీమోథెరపీ జోడించినప్పుడు కొందరు ఏళ్ల పాటు బతికారు. అడినోమా అని రాస్తే రోగిని ఇంటికి పంపి, కొన్ని నెలల తర్వాత మళ్లీ ఎమ్మారైకి రమ్మంటారు. ఆ వ్యవధిలో ఈ కణితి తిరిగి పెరగడమే కాక మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం ద్వారా వెన్నులోకి పాకగలదు. కాబట్టి పేరు ఖాయమైన వెంటనే వెన్నుకు కూడా ఎమ్మారై తీయాలి.