సూది ఎవరి చేతిలో? ఇంగ్లండు సామాజిక నర్సింగ్‌లో ఇన్సులిన్ బాధ్యత

పరిచయం

ఇంగ్లండులో ఒంటరిగా నివసించే, చూపు మందగించిన ఒక వృద్ధురాలిని ఊహించుకోండి. అల్పాహారానికి ముందు ఆమెకు ఇన్సులిన్ పడాలి. రోజూ వచ్చి స్నానం చేయించే సహాయకురాలు పక్కనే ఉంది. సూది వేయవలసిన నర్సు మాత్రం ఇంకా వేరే ఇంట్లో ఉంది. సహాయకురాలే సూది వేయవచ్చునా? ఈ ప్రశ్న వెనుక నూరేళ్ల చరిత్ర ఉంది.

వైద్యుని నుండి రోగికి

1922 జనవరి 11న టొరంటో ఆసుపత్రిలో లియొనార్డ్ థామ్సన్ అనే బాలుడికి మొదటి ఇన్సులిన్ ఇంజక్షన్ ఇచ్చారు. అయితే ఇన్సులిన్ జబ్బును నయం చేసే మందు కాదు, ప్రతిరోజూ తీసుకోవలసినది. ప్రతి సూదికీ వైద్యుని వద్దకు వెళ్లడం సాధ్యం కాదు కనుక రోగులు, తల్లిదండ్రులు తామే సూది వేయడం నేర్చుకున్నారు. లండన్ వైద్యుడు ఆర్.డి. లారెన్స్ స్వయంగా మధుమేహ రోగి. 1923లో ఇన్సులిన్ ఆయన ప్రాణం నిలబెట్టింది. 1934లో రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి ఆయన మధుమేహ రోగుల సంఘాన్ని స్థాపించారు. అంటే ఈ సూది మొదటి నుండీ వృత్తి నిపుణుల సొత్తు కాదని గమనించండి.

డిస్ట్రిక్ట్ నర్సు పాత్ర

తమంతట తాము సూది వేసుకోలేనివారి సంగతి ఏమిటి? వారి కోసం డిస్ట్రిక్ట్ నర్సు ఇంటికి వచ్చేది. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ పేదల ఇళ్లకు నర్సును పంపడంతో మొదలైన ఈ వ్యవస్థ, 1948లో జాతీయ ఆరోగ్య సేవ ఏర్పడిన తరువాత ప్రభుత్వ సేవలో భాగమైంది. కాలక్రమంలో వృద్ధ రోగులు పెరిగారు, నర్సులు చాలలేదు. మరోవైపు 1985లో వచ్చిన ఇన్సులిన్ పెన్ను మోతాదు కొలవడాన్ని సులభం చేసింది. అప్పగింత ఆలోచనకు ఈ రెండూ దారితీశాయి.

అప్పగింత, జవాబుదారీతనం

పని సులభమైనా ప్రమాదం చిన్నది కాదు. యూనిట్లు అనే మాటకు బదులు రాసిన ‘యు’ అక్షరం సున్నాలా కనిపిస్తే 10 కాస్తా 100 అవుతుంది. 2010లో ఇంగ్లండు రోగి భద్రతా సంస్థ ఇటువంటి పొరపాట్ల గురించి హెచ్చరించింది. 2015 నాటి నర్సుల వృత్తి నియమావళి ప్రకారం పనిని అప్పగించిన నర్సు ఆ నిర్ణయానికి తానే జవాబుదారీ. కాబట్టి సహాయకురాలికి శిక్షణ ఇవ్వాలి, నైపుణ్యాన్ని పరీక్షించాలి, పర్యవేక్షించాలి. రోగి సమ్మతి ఉండాలి. చక్కెర స్థాయి నిలకడగా లేని రోగిని నర్సే చూసుకోవాలి. మోతాదు మార్చే అధికారం సహాయకురాలికి ఉండదు.

మూల్యాంకనం

తక్కువ జీతానికి ఎక్కువ బాధ్యత మోపుతున్నారనే విమర్శను తోసిపుచ్చలేము. ఆహారం, సూది వేళ కుదరడం రోగికి మేలన్న వాదన కూడా నిజమే. ఈ చరిత్ర చెప్పేది ఒక్కటి: సూది చేతులు మారవచ్చు, వివేచన మాత్రం మాయం కాకూడదు. నర్సుల కొరతను కప్పిపుచ్చడానికి చేసే అప్పగింత, రోగి మేలు కోరి చేసే అప్పగింత పైకి ఒకేలా కనిపిస్తాయి. శిక్షణ, పర్యవేక్షణ ఎంత నిజాయితీగా సాగుతున్నాయో చూస్తేనే తేడా తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

తల్లి తన బిడ్డకు సూది వేయడానికీ, సహాయకురాలు రోగికి సూది వేయడానికీ జవాబుదారీతనంలో గల భేదాన్ని పది పంక్తులలో వివరించండి.