చారిత్రక ప్రణయ నవల: కాలనిష్ఠ, ఆధునిక భావాలు

గడిచిన యుగం ఒకదాన్ని నేపథ్యంగా తీసుకొని, నాయికానాయకుల ప్రేమను ప్రధాన కథగా నడిపి, సుఖాంతంగా ముగించే నవలను చారిత్రక ప్రణయ నవల అంటారు. ఆంగ్లంలో ఈ నవలలకు బాగా అచ్చివచ్చిన నేపథ్యం రీజెన్సీ యుగం, అనగా మూడవ జార్జి మతి చలించి రాజ్యభారం వహించలేని స్థితిలో ఉండగా యువరాజు రాజప్రతినిధిగా వ్యవహరించిన 1811–1820 మధ్య కాలం. నాటికి లేని వస్తువునో, మాటనో, భావాన్నో కథలోకి తేవడం కాలవిరోధం అనే దోషం. వస్తువులలోని కాలవిరోధాన్ని పట్టుకోవడం సులభమే గాని, పాత్రల మనసులోని కాలవిరోధాన్ని తేల్చడం కష్టం. ఈ ప్రక్రియ గురించిన వాదాలు చాలావరకు ఆ రెండో చిక్కు చుట్టూనే సాగాయి.

మధ్యయుగపు మనుషులను నేటి పాఠకుడికి అర్థమయ్యే భాషలో, నడవడిలో చూపక తప్పదని వాల్టర్ స్కాట్ 1819 నాటి ‘ఐవాన్‌హో’ పీఠికలోనే వాదించాడు. రీజెన్సీ ప్రణయ నవలకు రూపురేఖలు దిద్దిన జార్జెట్ హేయర్ (1902–1974) మాత్రం నాటి దుస్తులు, గుర్రపు బండ్లు, వాడుక మాటల వివరాలను నోటు పుస్తకాలలో పోగుచేసుకొని రాసింది. 1937లో వచ్చిన ‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’లోని వాటర్లూ యుద్ధ వర్ణన ప్రత్యేకంగా ప్రశంసలందుకుంది. అయినా ఆమె కాలనిష్ఠ దొరల ఇళ్ల గడప దాటి పెద్దగా బయటికి రాలేదు. ‘ది గ్రాండ్ సోఫీ’ (1950)లో యూదు వడ్డీవ్యాపారిని జాతిద్వేషం నిండిన మూసలో చిత్రించిన తీరు చూస్తే, ఎంత శ్రద్ధగా పరిశోధించినవారైనా తమ కాలపు దురభిప్రాయాలను వెంట తెచ్చుకోగలరని స్పష్టమవుతుంది.

1972లో కాథ్లీన్ ఉడివిస్ రాసిన ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’ అమెరికాలో ఈ ప్రక్రియకు విస్తారమైన విపణిని తెరిచింది. అందులో నాయకుడు మొదట నాయికపై అత్యాచారం చేస్తాడు. ఆ తరువాతే వారి ప్రేమకథ సాగుతుంది. ఇటువంటి ఘట్టాలను ఆ రోజులే అటువంటివని కొందరు సమర్థించినా, బాధితురాలు క్రమంగా ప్రేమలో పడుతుందన్న ఊహ చరిత్ర పత్రాలు నేర్పినది కాదు. తరువాతి దశాబ్దాలలో స్త్రీ సమ్మతికి ప్రాధాన్యం పెరిగి, అటువంటి కథలు వెనుకబడ్డాయి.

స్వతంత్ర భావాలు గల నాయికను చూడగానే కాలవిరోధమని తీర్పు చెప్పడమూ సరికాదు. మేరీ ఉల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కులపై గ్రంథం ప్రచురించినది 1792లో. బానిసల వ్యాపారాన్ని ఆపే ప్రతిపాదన 1791లో పార్లమెంటులో వీగిపోగా, బానిసల శ్రమతో పండిన వెస్టిండీస్ చక్కెరను మానేయాలన్న ఉద్యమం ఇంగ్లండు ఇళ్లలోకి వచ్చింది. ఆ వ్యాపారం 1807లో నిషిద్ధమైనా, వలస రాజ్యాలలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833 దాకా రాలేదు కనుక, రీజెన్సీ కాలపు యువతి విందులో చక్కెర గిన్నెను పక్కకు జరిపిందని రాస్తే, అది ఆధునికంగా తోచినా చరిత్రకు లోబడినదే. అసలు దోషం మరోచోట ఉంటుంది. వివాహంతో భార్య చట్టపరమైన అస్తిత్వం భర్తలో లీనమవుతుందనే నాటి సూత్రం ప్రకారం ఆమె సొమ్ము, సంపాదన అతని పరమయ్యేవి. ముందే ధర్మకర్తల పేర దస్తావేజు రాయించుకుంటే కొంత రక్షణ ఉండేది. ఈ స్థితిని 1870, 1882 చట్టాలు మార్చాయి. 1857కు ముందు ఇంగ్లండులో మళ్లీ పెళ్లాడే వీలుతో విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టమే చేయించుకోవాలి. ఈ అడ్డంకులేవీ ఎరుగకుండా పెళ్లయ్యాక నిశ్చింతగా వ్యాపారం నడుపుకొనే నాయికే నిజమైన కాలవిరోధం; ఎందుకంటే అటువంటి ధైర్యానికి నాటి స్త్రీలు చెల్లించిన మూల్యం ఆ కథలో కనిపించదు.

వర్ణం విషయంలో రచయితలు రెండు దారులు పట్టారు. జూలియా క్విన్ నవలల ఆధారంగా 2020లో వచ్చిన ‘బ్రిడ్జర్టన్’ ధారావాహిక, వర్ణవివక్ష తొలగిన ఇంగ్లండును ఊహించి నల్లజాతి ప్రభువులను సృష్టించింది. ఇది ఆహ్లాదకరమైన కల్పనే గాని, మాన్స్‌ఫీల్డ్ ప్రభువు ఇంట పెరిగిన నల్లజాతి సంతతి యువతి డైడో ఎలిజబెత్ బెల్ వంటి నిజమైన వ్యక్తుల జీవితాలు అంతకన్నా లోతైన కథావస్తువులు. అమెరికా రచయిత్రి బెవర్లీ జెన్కిన్స్ నిజ చరిత్రను ఆధారం చేసుకొనే ఈ రెండో దారిని ఎంచుకొని, 1994 నాటి ‘నైట్ సాంగ్’ మొదలుకొని అంతర్యుద్ధానంతర కాలపు నల్లజాతి పట్టణాలను, అక్కడి ఉపాధ్యాయినులను, సైనికులను ప్రణయ కథలలో నిలిపింది. ఆమె తన నవలల చివర, ఆధారంగా తీసుకున్న చరిత్ర గ్రంథాల పట్టికను కూడా పాఠకులకు ఇస్తుంది.