ఖాళీ నేల, ఖాళీ సముద్రం: నెల్లూరు తీరాన రాకెట్ల గతం

రాకెట్టును ఎగరవేయడానికి గొట్టం, మందు, నిప్పు ఎంత అవసరమో, అది తిరిగి పడే చోట మనుషులు లేకపోవడం కూడా అంతే అవసరం. ఈ రెండో అవసరమే రాకెట్టు విద్యకు స్థలాలను ఎంచి పెట్టింది, కొన్ని జనసమూహాలను కదిలించింది, ఎగరవేసేవారికీ చూస్తూ నిలబడేవారికీ మధ్య గీత గీసింది. అమెరికా పడమటి రాష్ట్రాలలో ఆ చోటు ఎడారి కాగా, నెల్లూరు తీరంలో అది బంగాళాఖాతం. పెన్నకు ఉత్తరాన వరిపొలాల నడుమ ఉన్న కొడవలూరు వంటి ఊళ్లు ఈ చరిత్రలో మొదటినుంచీ చూసేవారి వైపునే మిగిలిపోవడానికి కారణం ఆసక్తి లోపమో విద్యాలోపమో కాదు; పది గజాల మేర కూడా ఎవరిదో ఒకరి పంట లేకుండా లేని డెల్టా నేలలో రాకెట్టుకు తావు దొరకకపోవడమే.

ఎడారిలో సాగే వ్యవహారాన్ని ముందు చెప్పుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. అమెరికాలో అధికశక్తి రాకెట్టు విద్య అనే వ్యాసంగం ఒకటి ఉంది. ఉద్యోగాలు చేసుకునేవారు, విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు సెలవు దినాలలో తమ ఇంటి కొట్టాలలో తయారు చేసుకున్న రాకెట్లను వాహనాలపై వేసుకుని, ఎండిపోయిన ఉప్పుసరస్సుల అడుగుభాగాలకు వెళ్లి ఎగరవేస్తారు. నెవాడా రాష్ట్రంలోని బ్లాక్ రాక్ ఎడారి, కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి వీటిలో పేరుమోసినవి. మోటారు బలాన్ని న్యూటన్-సెకండ్లలో, అంటే తోపును అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చే మొత్తంలో కొలిచి, ఆంగ్ల అక్షరాలతో తరగతులుగా విభజిస్తారు. ఏ అనే తరగతి రెండున్నర న్యూటన్-సెకండ్లతో ముగుస్తుంది, ఆపై ప్రతి అక్షరానికీ హద్దు రెట్టింపవుతుంది. 160 వద్ద జీ తరగతి ముగిసి, హెచ్ నుంచి అధికశక్తి మోటార్లు మొదలవుతాయి. ఈ మోటార్లను కొనాలన్నా కాల్చాలన్నా 1957లో ఏర్పడిన నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ గాని, 1964లో పుట్టిన ట్రిపోలీ సంఘం గాని ఇచ్చే మూడంచెల యోగ్యతాపత్రాలలో తగినది ఉండాలి. గగనతలం వాడుకోవడానికి విమానయాన శాఖ అనుమతి వేరే తీసుకోవాలి.

వీటిలో కాలే మందు అమ్మోనియం పెర్‌క్లోరేటును, అల్యూమినియం పొడిని రబ్బరు వంటి బంధకంతో కలిపి గట్టిపరచిన ముద్ద. పెర్‌క్లోరేటు ఆక్సిజన్ అందిస్తుంది, రబ్బరు, అల్యూమినియం కాలుతాయి. దీనిని పేలుడు పదార్థాల జాబితాలో చేర్చడంపై అమెరికాలో సంఘాలు ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపి 2009లో గెలిచాయి. 2004 మే 17న బ్లాక్ రాక్ ఎడారి నుంచి ఔత్సాహికుల బృందం ఎగరవేసిన రాకెట్టు వంద కిలోమీటర్లు దాటి, ఔత్సాహికులు అంతరిక్షానికి పంపిన మొదటి రాకెట్టుగా నిలిచింది. 2019 ఏప్రిల్‌లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థుల రాకెట్టు న్యూమెక్సికో నుంచి దాదాపు అదే ఎత్తును అందుకుంది. ప్రభుత్వాలు తప్ప మరొకరు చేయలేరని అనుకున్న పని సెలవు దినాల వ్యాసంగానికి అందిందంటే, అందులో సగం పాలు ఆ ఎడారికి చెందుతుంది.

తెలుగు తీరానికి రాకెట్టు కొత్తది కాదు. 1780 సెప్టెంబరు 10న కంచికి సమీపాన పొల్లిలూరు వద్ద హైదరాలీ, టిప్పూ సేనలు కర్నల్ విలియం బెయిలీ దళాన్ని నాశనం చేసినప్పుడు మైసూరు రాకెట్లు పోరులో పాల్గొన్నాయి. ఇనుప గొట్టంలో మందు కూరి, పొడవాటి వెదురుబద్దకు కట్టిన ఆ ఆయుధం కాగితపు తారాజువ్వ కన్నా ఎక్కువ ఒత్తిడిని ఓర్చుకోగలిగేది, అందువల్ల దూరం పోయేది. బెయిలీ దళంలోని మందుగుండు బండ్లు పేలిపోవడం ఆ ఓటమికి ఒక ముఖ్య కారణం. ఆ దళం బయలుదేరింది గుంటూరు నుంచి. నెల్లూరు సీమ మీదుగా దక్షిణానికి నడిచి, గుమ్మిడిపూండి ప్రాంతంలో ఏటి వరదకు కొన్నాళ్లు నిలిచిపోయి, ఆ ఆలస్యంతో మద్రాసు నుంచి వచ్చే ప్రధాన సేనను కలుసుకోలేకపోయింది. శ్రీరంగపట్నం పతనం తరువాత మైసూరు రాకెట్లను ఇంగ్లండుకు తీసుకుపోయి పరిశీలించడం, విలియం కాంగ్రీవ్ వాటి ఆధారంగా కొత్తవాటిని రూపొందించడం తెలిసిన కథే గనుక ఇక్కడ విస్తరించనవసరం లేదు. యుద్ధరాకెట్టుకు ఖాళీ నేల అవసరం లేదనీ, మనుషులు నిండిన నేలే దాని గురి అనీ గుర్తిస్తే చాలు. పరిశోధన రాకెట్టు వచ్చాకనే ఖాళీ కోసం వెదుకులాట మొదలయింది.

1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి అమెరికాలో తయారైన నైకీ-అపాచీ ఎగిరినప్పుడు ఆ స్థలాన్ని ఎన్నుకున్నది భూమి అయస్కాంత మధ్యరేఖ దానికి దగ్గరగా పోతున్నందుకు. పైవాతావరణాన్ని కొలిచి తిరిగి పడిపోయే చిన్న రాకెట్లకు, వీటినే సౌండింగ్ రాకెట్లు అంటారు, తుంబా సరిపోయింది. కాని ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపాలంటే భూభ్రమణం ఇచ్చే వేగాన్ని వాడుకుంటూ తూర్పుకు ఎగరవేయడం లాభం. శ్రీహరికోట ఉన్న పదమూడున్నర డిగ్రీల పైచిలుకు అక్షాంశం వద్ద ఆ లాభం సెకనుకు సుమారు 450 మీటర్లు. పడమటి తీరం నుంచి తూర్పుకు పంపితే కాలిపోయిన దశలు జనావాసాలపై పడతాయి. అందుచేత విక్రమ్ సారాభాయ్ తూర్పు తీరంలో స్థలం వెదకడాన్ని ఏక్‌నాథ్ చిట్నిస్‌కు అప్పగించగా, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ సన్నగా సాగిన శ్రీహరికోట దీవి 1969లో ఖాయమయింది. సుమారు 43 వేల ఎకరాల విస్తీర్ణం, యాభై కిలోమీటర్ల సముద్రతీరం, నేలవైపు సరస్సు అడ్డు కావడం దాని యోగ్యతలు.

అప్పటి కాగితాల భాషలో ఆ దీవి దాదాపు నిర్జనం. ఆ మాటను యథాతథంగా తీసుకోవడం చరిత్రకారునికి తగదు. శ్రీహరికోట యానాదుల నేల. 1835లో కుంపిణీ ప్రభుత్వం మద్రాసు నగరానికి వంటచెరకు సరఫరా కోసం ఈ దీవిని నేరుగా తన చేతిలోకి తీసుకున్నప్పుడు అక్కడ అడవిపై ఆధారపడి బతికే యానాదులు కనిపించారు. తేనె, కుంకుళ్లు, ముషిణి గింజలు, బట్టలకు ఎర్రరంగు వేయడానికి వాడే చిరివేరు సేకరించి తెచ్చినవారికి బదులుగా ధాన్యం ఇచ్చే పద్ధతి ప్రభుత్వం నడిపింది. వారి పిల్లల కోసం బడి కూడా పెట్టింది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఈ ఏర్పాట్ల వివరణ ఉంది. నెల్లూరు ప్రాంతంలో యానాదుల కోసం జీవితకాలం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య కూడా వారిపై గ్రంథం రాశారు. దీవిలో కొట్టిన కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవలలో మద్రాసు చేరేవి. తరువాతి కాలంలో సరుగుడు, నీలగిరి తోటలు ఆ అడవిలో చోటుచేసుకున్నాయి. ఒక నగరపు పొయ్యిల కోసం ఒకసారి, ఒక దేశపు ఉపగ్రహాల కోసం మరొకసారి, నూటముప్పై ఏళ్ల వ్యవధిలో రెండుసార్లు దీవిని పైనుంచి వచ్చిన అవసరమే నిర్వచించింది. రాకెట్టు ప్రయోగకేంద్రం ఏర్పడినప్పుడు దీవిలోని ఊళ్లను ఖాళీ చేయించారు. యానాదులకు అడవి మీద ఉన్న పూర్వపు రాకపోకలు కంచెతో ముగిశాయి. కొందరికి కొత్త కేంద్రంలో కూలి పనులు దొరికాయి. దీనిని అన్యాయమని ఒక్క మాటలో కొట్టివేయడం తేలిక, దేశావసరమని ఒక్క మాటలో దాటవేయడం ఇంకా తేలిక. కేంద్రం చరిత్రను తొలి ప్రయోగంతో మొదలుపెట్టే వాడుక మాత్రం ఈ భాగాన్ని పూర్తిగా కప్పివేస్తుంది.

ఆ తొలి ప్రయోగం 1971 అక్టోబరు 9న జరిగింది. ఎగిరినది ఆర్‌హెచ్-125 అనే సౌండింగ్ రాకెట్టు. ఆర్‌హెచ్ అంటే రోహిణి, పక్కనున్న అంకె రాకెట్టు వ్యాసం మిల్లీమీటర్లలో. ఈ వరుసలో మొదటిదైన ఆర్‌హెచ్-75 అంతకు నాలుగేళ్ల ముందే, 1967 నవంబరులో తుంబా నుంచి ఎగిరింది. నేడు ఎడారి ఔత్సాహికులు వాడే మోటార్ల గొట్టాలలో 75, 98 మిల్లీమీటర్ల కొలతలు సాధారణమైనవన్నది గమనిస్తే, భారతదేశం రాకెట్టు నేర్చుకున్న తొలి బడి పరిమాణంలో ఔత్సాహికుని కొట్టానికి ఎంతో పెద్దది కాదని తేలుతుంది. చర్చిని కార్యాలయంగా, సైకిలును రవాణాగా వాడుకున్న తుంబా రోజుల గురించి ఎంతో రాశారు గాని, ఈ కొలతల సామ్యాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

ఆ పరిమాణం నుంచి కేంద్రం వేగంగా దూరమయింది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 విఫలమై సముద్రంలో పడింది, 1980 జూలై 18న అదే నమూనా రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 1993లో విఫలమై 1994లో నెగ్గిన పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో ఇప్పుడు సుమారు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అది రసాయనికంగా ఎడారి రాకెట్టులోని ముద్దకు దగ్గరి చుట్టమే. అయితే దాని మొత్తం బలాన్ని ఔత్సాహికుల అక్షరాల తరగతిలో పెట్టబోతే జెడ్ దాటిపోయి అక్షరమాల చాలదు. ఈ ఇంధనాన్ని దీవిలోనే పోతపోస్తారు. 2004 ఫిబ్రవరి 23న అక్కడ ఇంధన భాగం అంటుకుని ఆరుగురు మరణించారు. నిపుణుల చేతుల్లోనూ ఈ పదార్థం ఎంత కఠినమైనదో ఆ దుర్ఘటన చెబుతుంది. 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టుకున్న ఈ కేంద్రం, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గనుక, నెల్లూరు పేరుతో దానికున్న పాలనాసంబంధం ఇప్పుడు గతమే.

ఆకాశానికి జిల్లా సరిహద్దులు లేవు. కొడవలూరు నుంచి శ్రీహరికోట దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్లు. భూమి వంపు లెక్కన రాకెట్టు ఏడు వందల మీటర్ల ఎత్తు దాటితే సిద్ధాంతరీత్యా అక్కడి దిగంతం పైకి వస్తుంది, పది కిలోమీటర్లు చేరేసరికి ఐదారు డిగ్రీల ఎత్తున ఉంటుంది. తాటిచెట్లు, మేడలు అడ్డులేని పొలం గట్టున మబ్బు లేని రాత్రి దానిని చూడడానికి ఏ పరికరమూ అక్కరలేదు. ధ్వని అంత దూరం రాగలిగితే నాలుగున్నర నిమిషాలు పడుతుంది. అప్పటికి రాకెట్టు వాతావరణాన్ని దాటిపోయి ఉంటుంది. దగ్గరగా చూడదలచినవారికి 2019 మార్చి 31న ఐదు వేల మంది కూర్చోగల ప్రేక్షకుల గ్యాలరీని తెరిచారు. ప్రయోగం రోజున జాలర్లను నిర్ణీత సముద్రభాగంలోకి పోవద్దని హెచ్చరిస్తారు. తుపాకీమందు కన్నా వలకే ఎక్కువ సంబంధం ఉన్న ఈ కుటుంబాలకు ప్రయోగం అంటే ఒక పూట వేట పోవడం.

ఎడారిలో చూసేవాడే మరుసటి వారం ఎగరవేసేవాడు కావచ్చు. ఇక్కడ ఆ దారి లేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నియమాలు, నాగపూరు కేంద్రంగా ఉన్న పర్యవేక్షక సంస్థ లైసెన్సులు, గగనతల అనుమతులు కలిసి, పెర్‌క్లోరేటు మోటారును ఇంటి కొట్టానికి అందని వస్తువుగా ఉంచాయి. జనసాంద్రతను చూస్తే ఈ కట్టుదిట్టం అకారణమని అనలేము. అయినా దీని ఫలితంగా రాకెట్టు తెలిసిన తెలుగు యువకునికి చాలాకాలం ప్రభుత్వోద్యోగం ఒక్కటే ప్రవేశద్వారమయింది.

ఆ ద్వారం పక్కన ఇంకొకటి 2022 నవంబరు 18న తెరుచుకుంది. ఇస్రోలో పనిచేసి బయటికి వచ్చిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాదులో స్థాపించిన స్కైరూట్ సంస్థ రాకెట్టు విక్రమ్-ఎస్, శ్రీహరికోటలోని సౌండింగ్ రాకెట్ల ఆవరణ నుంచే ఎగిరింది. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు ఉన్న ఆ ఒక్క దశ రాకెట్టు 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి బంగాళాఖాతంలో పడింది. దేశంలో ప్రైవేటు సంస్థ ఎగరవేసిన మొదటి రాకెట్టు ఇదే. ఎత్తును బట్టి పోలిస్తే 2004లో ఎడారి ఔత్సాహికులు దీనిని మించినా, ఆ పోలికకు అర్థం తక్కువ. ఇది వ్యాసంగం కాదు, కక్ష్యకు పోయే వాహనానికి ముందస్తు పరీక్ష. 2024 మే 30న చెన్నై సంస్థ అగ్నికుల్ అదే దీవిలో తన సొంత వేదిక నుంచి రాకెట్టు ఎగరవేసింది.

సముద్రం కూడా అన్ని దిక్కులా ఖాళీ కాదు. ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు పోవాలంటే రాకెట్టు దక్షిణానికి పోవాలి. శ్రీహరికోటకు ఆ దిక్కున శ్రీలంక ఉంది గనుక ముందు ఆగ్నేయంగా పోయి తరువాత మలుపు తిరగవలసి వస్తుంది, ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది. పెద్ద రాకెట్టు ఆ ఖర్చును భరించగలదు గాని చిన్న రాకెట్టుకు మోయగల బరువులో చాలాభాగం అందులోనే పోతుంది. అందుకే తమిళనాడు తూత్తుకుడి జిల్లాలోని కులశేఖరపట్టణంలో, నేరుగా దక్షిణ సముద్రం వైపు తెరిచి ఉన్న తీరంలో, రెండు వేలకు పైగా ఎకరాలు సేకరించి 2024 ఫిబ్రవరి 28న రెండో ప్రయోగకేంద్రానికి శంకుస్థాపన చేశారు.