లియొనార్డో డావించి వ్యోమయాన చింతనము

ఇటలీదేశమున ఫ్లారెన్సు నగర ప్రాంతమందలి వించి యను నూర 1452 వ సంవత్సరము ఏప్రిల్ 15 వ తేదీని జన్మించిన లియొనార్డో చిత్రకారుఁడుగా జగత్ప్రసిద్ధుఁడు. మనుష్యుఁడు పక్షివలె నెగురుటకు వలయు సాధనములను గూర్చి యాతఁడు చేసిన చింతనము మాత్ర మాతని చిత్రములవలె నాకాలమున లోకమునకుఁ దెలిసినది కాదు. ఈ చింతనమునుబట్టి యాతఁడు విమానములకు మూలపురుషుఁడని కొందఱును, అదియంతయు స్వప్నమాత్రమని కొందఱును జెప్పుదురు. ఈ రెండు పక్షములలో నేది యుక్తమో యాతని వ్రాఁతలనే ప్రమాణముగాఁ గొని నిర్ణయింపవలసియున్నది.

1482 ప్రాంతమున లియొనార్డో మిలాను నగరమునకుఁ బోయి లుడోవికో స్ఫోర్జా ప్రభువు కొలువునఁ జేరెను. అచ్చటఁ 1487 మొదలు 1490 వఱకుఁ గల కాలమున వ్రాసిన దని పండితులు తలఁచు నొక పుస్తకము పారిసునందలి ఫ్రెంచి విద్వత్సంస్థలో నున్నది. దానికి ‘బి’ ప్రతి యని వాడుక. ఎడమచేతి వాటమువాఁ డగుటచే నాతఁడు కుడినుండి యెడమకు వ్రాసినందున, ఆ వ్రాఁత యద్దమునఁ జూచినఁగాని సులభముగాఁ జదువఁబడదు.

ఈ ప్రతిలోని యంత్రములు పెక్కు ఱెక్క లాడించునవియే. ఒకదానిలో మనుష్యుఁడు పలకమీఁద బోరగిలఁ బరుండి, చేతులతోను పాదములతోను త్రాళ్లను లాగి, గిలకల మూలమున ఱెక్కల నాడింపవలెను. వేఱొకదానిలో నిలువుగా నిలిచి, శిరస్సునుగూడ వినియోగించి, నాలుగు ఱెక్కలను నడపవలెను. మఱమేకువలె మెలిదిరిగిన యొక యంత్రమును గలదు. గంజిపెట్టి రంధ్రములు మూసిన నారబట్టతోఁ జేసిన యా మెలికను వేగముగాఁ ద్రిప్పినచో నది గాలిని దొలుచుకొని పైకి లేచునని యాతని యూహ.

ఈ యూహలు కేవలము చిత్రలేఖన వినోదములు కావు. 20 బ్రాచ్చాల పొడవుగల ఱెక్క నొకదానిని 200 పౌండ్ల పలకకు బిగించి, దానిని దటాలునఁ గ్రిందికి నొక్కి, పలక లేచునో లేదో చూడవలె నని యాతఁడు విధించెను. బ్రాచ్చా యనఁగా మన మూరకంటెఁ గొంత పెద్దదైన యిటలీ కొలత. యంత్రమును సరస్సుమీఁదనే పరీక్షింపవలెననియు, పడినచో మునుఁగకుండుటకు నడుమునకుఁ బొడవైన తోలుతిత్తిని గట్టుకొనవలెననియుఁ జెప్పెను. పడుదు నని యెఱిఁగి యుపాయమును వెదకువాఁడు స్వప్నము గనువాఁడు కాఁడు.

1505 ప్రాంతమున ఫ్లారెన్సునఁ బక్షుల గమనమును గూర్చి యాతఁడు వ్రాసిన చిన్న పుస్తకము నేఁడు టొరీనో రాజగ్రంథాలయమునఁ గలదు. అందు దృష్టి మాఱినది. ఱెక్క లాడింపకయే గాలి నాశ్రయించి మీఁదికిఁ దేలు పక్షులనే యాతఁ డిందు మిక్కిలిగాఁ బరిశీలించెను. పక్షి భారకేంద్ర మెచ్చటనున్నది, గాలి యడ్డు ఱెక్కమీఁద నెచ్చటఁ బనిచేయును, తోఁక యే విధముగాఁ దోడ్పడును అను ప్రశ్న లిందుఁ గలవు. ఈకల నడుమ గాలి దూఱును గావున, యంత్రపు ఱెక్కకుఁ బొరతోఁ గప్పఁబడిన గబ్బిలపు ఱెక్కయే మాతృక కావలె ననియు నిర్ణయించెను.

ఇంతటి పరిశీలకుఁడు పొరపడిన దెచ్చట? మనుష్యబలమును లెక్కించుటలో. పక్షికిఁ దన్నుఁ దాను మోయుటకు వలసినదానికంటె నధికబలము గల దనియు, ఆ బలముతోనే యది యెరను మోసికొని పోవుచున్న దనియు నాతఁడు వాదించెను. ఇసుకలో నిలిచినవాని వీఁపుపై నింకొకని నెక్కించి యడుగుజాడ లోఁతు చూచి, పిమ్మట వానినే యెగిరి దూఁకించి చూచినచో జాడ మఱింత లోఁ తగును గాన, మనుష్యుని కాళ్లకును నట్టి యధికబలమే కలదని దృష్టాంత మిచ్చెను. అయితే క్షణకాలపు దూఁకుడు వేఱు, ఎడతెగక ఱెక్క లాడించుట వేఱు. దృష్టాంతము సాధ్యమును దాఁకలేదు. 1680 లో రోమునఁ బ్రకటింపఁ బడసాగిన బొరెల్లి గ్రంథము ఈ దోషమును బయలుపఱచెను. పక్షి ఱొమ్ముకండరములు దాని బరువులో నాఱవవంతునకుఁ దక్కువ గావనియు, మనుష్యునివి నూఱవవంతైనను గావనియు నాతని వాదము.

లియొనార్డో 1519 మే 2 వ తేదీని ఫ్రాన్సున గతించెను. వ్రాఁతప్రతులు శిష్యుఁడగు మెల్జీకి దక్కినవి. మెల్జీ యనంతర మవి చెల్లాచెదరయ్యెను. 1796 లో నెపోలియను మిలానునందున్నవానిని బారిసునకుఁ దరలించెను. ‘బి’ ప్రతి మొదలగునవి 1881 మొదలు 1891 వఱకును, టొరీనో పుస్తకము 1893 లోను ముద్రితము లయ్యెను. పైకి లేపు ఱెక్క వేఱు, ముందునకుఁ ద్రోయు సాధనము వేఱుగా నుండవలె నని 1799 లో నాంగ్లేయుఁడు కెయిలీ కనుఁగొనునప్పటికిఁగాని, పక్షుల గమనముపై 1889 లో జర్మనుఁడు లిలియెంతాలు గ్రంథము ప్రకటించునప్పటికిఁగాని యీ పుస్తకము వెలుఁగు చూడలేదు. కావున నాతఁడు విమానములకు మూలపురుషుఁ డనుట చెల్లదు. పరంపర లేని చోట మూలపురుషత్వము లేదు.

స్వప్న మను పక్షమును నిలువదు. 12 బ్రాచ్చాల వెడల్పు, అంతే యెత్తు గల నారబట్ట గుడారముతో నెంతటి యెత్తునుండియైన నపాయము లేక దిగవచ్చు నని యాతఁడు వ్రాసెను. 2000 లో నాంగ్లేయుఁ డేడ్రియన్ నికొలస్ ఆ వర్ణనము ననుసరించి గుడారమును గట్టించుకొని దక్షిణాఫ్రికా గగనమున దానితోఁ జాలదూరము దిగి, తుదకు మాత్రము దానిని విడిచి యిప్పటి పారాషూటుతో నేలకు వచ్చెను. మనుష్యబలముతో ఱెక్క లాడించు యంత్రమును 2010 లోఁ గెనడా దేశమున టొరాంటో విశ్వవిద్యాలయ విద్యార్థులు 19.3 సెకండ్లు నడపిరి. మొదట దానిని వాహనముతో లాగి పైకి లేపవలసి వచ్చెను.

వ్యాకర్తకు లక్ష్యము ప్రధానము. లక్షణము దాని ననుసరించునది. లియొనార్డో తొలుత మనుష్యబలము చాలు నను లక్షణమును గల్పించుకొని యంత్రములు వ్రాసెను. పిమ్మట లక్ష్యమైన పక్షియొద్దకు మరలి, తాను వ్రాసినదానిని సవరించుకొనెను. ఆతని గొప్పతన మీ మరలుటయందే యున్నది. ఆ సవరణము తరువాతివారి చేతికిఁ జేరక పెట్టెలలోఁ బడియుండుట లోకమునకుఁ గలిగిన నష్టము. ఇంటింట నింకను ముద్రణ కెక్కక పడియున్న వ్రాఁతప్రతులను గాపాడవలసిన వారందఱు నిది యెఱుఁగఁదగినది.