పరోక్ష కథనమూ మన ‘అని’

గన్నవరంలో నేను తెలుగు చెప్పే బళ్లో ఇంగ్లీషు మాస్టారు బదిలీ అయి వెళ్లాక, తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్లు కొన్నాళ్లు నా నెత్తిన పడ్డాయి. డైరెక్ట్ స్పీచ్, రిపోర్టెడ్ స్పీచ్ పాఠం వచ్చింది. విమానాశ్రయం దగ్గర కావడంచేత మోత వచ్చినప్పుడల్లా ఆగి చెప్పాలి. గైడులో వున్న పట్టికే బోర్డు మీద రాశాను. ‘ఐ’ పోయి ‘షి’, ‘విల్’ పోయి ‘వుడ్’, ‘టుమారో’ పోయి ‘ద నెక్స్ట్ డే’. తర్వాత ఒక వాక్యం ఇచ్చాను. “నేను రేపు పనికి పోను” అని అమ్మ అంది - దీన్ని ఇంగ్లీషులో రిపోర్ట్ చెయ్యండి అన్నాను. సగంమంది రాసింది ఒకటే: “మదర్ సెడ్ దట్ ఐ విల్ నాట్ గో టు వర్క్ టుమారో.”

ఎర్రసిరా పెన్ను తీశాను. ఒక పిల్ల లేచి అడిగింది: “మా అమ్మ ఈ మాట ఇయ్యాల పొద్దున్నే అందండీ. రేపు ఇంకా రాలేదు గదా, నెక్స్ట్ డే ఎట్లా అయిద్దండీ?”

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేస్తే తేలిందేమంటే, ఆ పిల్లదే న్యాయం. పొద్దున అన్నమాట ఆ రోజే చెప్పేటప్పుడు ఇంగ్లీషువాడు కూడా ‘టుమారో’ అనే అంటాడు. కాలం మార్చడం చెప్పేవాడు ఎప్పుడు చెబుతున్నాడనే దాన్ని బట్టి వుంటుంది. పట్టిక ఆ సంగతి మింగేసింది. కాని ‘ఐ’ మాత్రం నిజంగానే తప్పు. ఆ వాక్యం ప్రకారం పనికి పోనిది అమ్మ కాదు, రాసిన పిల్ల. ఇంతమంది ఒకే తప్పు చేశారంటే అది అజ్ఞానం కాదు, దాని వెనక ఒక భాష వుంది.

తెలుగులో ఈ మాట రెండు విధాల చెబుతాం. “నేను రేపు పోను” అని అమ్మ అంది. లేదా, తాను రేపు పోనని అమ్మ అంది. రెండో వాక్యం చూడండి. ‘తాను’ అనడంతో కర్త ప్రథమ పురుషలోకి వచ్చేసింది. క్రియ మాత్రం ‘పోను’ దగ్గరే, ఉత్తమ పురుషలోనే నిలబడింది. దాన్ని ‘పోదు’ అని మార్చామా, పోనిది ఇంకెవరో అయిపోతుంది. అంటే చెప్పేవాడు ఎంత అడ్డు వచ్చినా అసలు మాట్లాడిన మనిషి క్రియలో మిగిలే వుంటుంది. కాలం మారదు, ‘రేపు’ రేపే. ఈమధ్య కొన్ని అనువాదాల్లో “అతను వస్తాడని అతను చెప్పాడు” వంటి వాక్యాలు కనిపిస్తున్నాయి. అవి తెలుగు అక్షరాల్లో వున్న ఇంగ్లీషు.

ఈ పనంతా చేసేది ‘అను’ ధాతువు క్త్వార్థకమైన ‘అని’. తమిళంలో ‘ఎన్ఱు’, కన్నడంలో ‘ఎందు’, సంస్కృతంలో ‘ఇతి’ ఇలాంటి పనే చేస్తాయి. మన కావ్యాలు నడిచింది ఈ దారినే. భారతంలో వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పిన కథను ఉగ్రశ్రవసుడు శౌనకాదులకు చెబుతాడు. లోపలి పాత్రలు మళ్లీ తమ నోటితోనే మాట్లాడతాయి. ‘ఇట్లనియె’ అని కవి పక్కకు తప్పుకుంటాడు. తిక్కన పాత్రలు రంగస్థలం మీద నిలబడ్డట్టు వుంటాయంటే ఈ తప్పుకోవడానికి అందులో పెద్ద వాటా వుంది. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి. ప్రత్యక్ష, పరోక్ష కథనాలకు ఒక పరిచ్ఛేదం లేదు. ఆ అవసరం ఆయనకు కలగలేదు.

అవసరం వేరేచోట పుట్టింది. మా జిల్లా కేంద్రమైన మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ ఇంగ్లీషు బడి తెరిచాడు. అది ముఖ్యంగా పై కులాల కుర్రాళ్లను వుద్దేశించిన బడి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చాక మెట్రిక్యులేషన్ గట్టెక్కడమే ఉద్యోగానికి గుమ్మమైంది. ఆ ఉద్యోగం ఏమిటి? రైతు ఏమన్నాడో, కరణం ఏమన్నాడో పై దొరకు రాసి పంపడం. దొర కూర్చున్నచోటి నుంచే అంతా కనపడాలి. పురుష మారాలి, కాలం వెనక్కి జరగాలి, ‘ఇక్కడ’ పోయి ‘అక్కడ’ కావాలి. ఇంగ్లీషు భాషకు ఈ పద్ధతి సహజమే, దానిలో కుట్ర వెతకనక్కర్లేదు. కాని వలసపాలనలోని బడి దాన్ని భాషగా నేర్పలేదు, పరీక్షగా నేర్పిందని నా అభిప్రాయం. గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడమంటే బట్టీపట్టిన పద్యాలు అప్పజెప్పుకోవడం గురజాడ వూరికే పెట్టిన హాస్యం కాదు. ఉత్తర భారతంలో విద్యాశాఖ అధికారి నెస్‌ఫీల్డ్, బొంబాయిలో విద్యాశాఖలో పనిచేసిన రెన్ (మార్టిన్‌తో కలిసి) రాసిన వ్యాకరణాలు ఆ పట్టికలను తరాల తరబడి మన దాకా తెచ్చాయి.

ఇప్పుడు అదే అభ్యాసం తెలుగు వాచకంలోకి కూడా వచ్చింది. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చండి అని మేమే అడుగుతున్నాం. ‘నేను’ తీసి ‘తాను’ పెట్టు, కొటేషన్లు కొట్టెయ్యి, మార్కు వేసుకో. క్రియ ఎందుకు కదల్లేదో అడిగే ప్రశ్న నేను ఎక్కడా చూడలేదు. మా చేతిలో వున్న ఒకే ఒక్క వింతను మేమే దాటి పోతున్నాం.

పరోక్ష కథనం వ్యాకరణంతోనే ఆగదు. ఇదివరకు నేను పనిచేసిన వూళ్లో ఒక తల్లుల సమావేశానికి మినిట్సు రాసే పని నాకు పడింది. ఒక కూలి ఆవిడ లేచి, “మరుగుదొడ్డి లేకపోతే మా పిల్ల ఈడేరినాక బడికి రాదండీ, మీరే చెప్పండి ఏం జెయ్యమంటారో” అంది. నేను రాసింది: “వసతుల కల్పన విషయమై తల్లిదండ్రులు ప్రస్తావించినట్లు నమోదు చేయడమైనది.” ‘అని’ కూడా లేదు. ‘నట్లు’ వచ్చింది, ఆవిడ పోయింది, పిల్ల పోయింది, ప్రశ్న పోయింది. ఆ వాక్యం రాసినవాడికి ఎం.ఏ. తెలుగులో పట్టా వుంది. పై అధికారి సంతకం పెట్టి, బాగా రాశారన్నాడు.

గన్నవరం పిల్లలకు మర్నాడు పట్టిక చెరిపేశాను. ఎవరు అన్నారు, ఎవరు చెబుతున్నారు, ఎప్పుడు చెబుతున్నారు - ఈ మూడూ అడిగి తర్వాత రాయండి అన్నాను. తెలుగు వాక్యం పక్కన ఇంగ్లీషు వాక్యం పెట్టించాను. ‘పోను’ చివర వున్న ‘ను’ కింద గీత గీయించాను. దాన్ని ఇంగ్లీషు ఎక్కడ దాచిందో వెతకమంటే, ‘షి’లో దాచింది మాస్టారూ అని ఒకడన్నాడు. ఆ రోజు విమానాల మోత కూడా ఎవరూ పట్టించుకోలేదు.

నన్ను అడిగిన పిల్ల నోట్సులో ‘ఐ’ కింద మాత్రం ఎర్రగీత పెట్టాను. ‘టుమారో’ వదిలేశాను. పబ్లిక్ పరీక్షలో ఏం రాయాలండీ అంది. ద నెక్స్ట్ డే అనే రాయమ్మా అన్నాను.